గర్భవిచ్ఛిత్తి తరువాతి సంరక్షణ: పంచాయతీల బాధ్యత



వీధి దీపములను గురించియు, మురుగు కాలువలను గురించియు మన సభలలో గంటల తరబడి చర్చింతుము. గర్భవిచ్ఛిత్తి చేయించుకొని ఇల్లు చేరిన స్త్రీ బాగోగులను గురించి మాత్రము ఎవరును ఎత్తరు. ఈ మౌనము వలన ప్రాణములకే ముప్పు కలుగుచున్నది. కావున సంకోచము విడిచి ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

నాటువైద్యము పాలబడి స్త్రీలు మరణింపకుండుటకై, శాంతిలాల్ షా సంఘము 1966లో చేసిన సిఫారసుల మీదట, 1971లో పార్లమెంటు గర్భవిచ్ఛిత్తి శాసనమును చేసినది. అది 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 2021 సవరణ ప్రకారము, చట్టము చెప్పిన కారణములున్నచో, 20 వారముల వరకు ఒక అర్హత గల వైద్యుని అభిప్రాయము చాలును. 18 ఏండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతియే చాలును. భర్త సంతకము అక్కరలేదు.

చట్టము ఆసుపత్రి తలుపు తెరచినది. ఆ తలుపు దాటి ఇంటికి వచ్చిన పిదప ఏమగుచున్నది?

మా పర్యటనలో విన్న సంగతి యొకటి చెప్పెదము. ఇద్దరు బిడ్డల తల్లి యొకతె పట్టణమున ఒక ఆసుపత్రిలో చట్టప్రకారమే చికిత్స పొందినది. గంటలోనే లేచి బస్సెక్కుమనిరి. ఏది సహజమో, ఏది అపాయమో చెప్పినవారు లేరు, చీటియైనను ఈయలేదు. నాలుగవ నాడు జ్వరము, పొత్తికడుపులో నొప్పి. “మామూలేనే అమ్మాయీ, వేడి చేసింది, మజ్జిగ తాగి పడుకో” అని అత్తగారు ధైర్యము చెప్పినది. అందామె తప్పు లేదు. ఆమెకు మాత్రము ఎవరు చెప్పిరి? నలుగురిలో నగుబాటగునని ఆశా కార్యకర్తకు సైతము కబురు పంపలేదు. ఆరవనాటి రాత్రి స్పృహ తప్పిన పిదప 108 వాహనమును పిలిచిరి. గర్భాశయములో కొంత మిగిలిపోయి, అది చెడి, ఆ విషము రక్తమున కెక్కినదని వైద్యులు చెప్పిరి. ఆమె బ్రతికినది. కాని మూడు వారములు మంచము పట్టినది, కూలి పోయినది, అప్పు మిగిలినది. ఒక చిన్న చీటి ఈ కష్టమును తప్పించి యుండెడిది.

ఆ చీటిలో ఉండవలసిన మాటలు కొన్నియే. కొలదిపాటి రక్తస్రావము, నొప్పి కొన్నాళ్లుండుట సహజము. గంటకు రెండేసి ప్యాడ్లు పూర్తిగా తడిసి, అట్లు వరుసగా రెండు గంటలు సాగినను, జ్వరము వచ్చి తగ్గకున్నను, దుర్వాసన గల స్రావమైనను, మాత్రలకు లొంగని కడుపునొప్పి యున్నను, కండ్లు తిరిగి పడిపోయినను, తెల్లవారు వరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. మరియొక మాట: నెలసరి రాకమునుపే, రెండు వారములలోనే, మరల గర్భము నిలువవచ్చును. కావున గర్భనిరోధక సాధనములను గురించి ఇంటికి పంపుటకు ముందే తెలుపవలెను. రెండు వారములలో తిరిగి చూపించుకొనుటకు తేదీ వ్రాసి ఈయవలెను.

ఇందు పంచాయతీ చేయగలదేమని మీరడుగవచ్చును. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములో మీకు స్థానము కలదు. ఆ సమావేశమున వైద్యాధికారిని ఈ ప్రశ్నలడుగుడు: తెలుగులో ముద్రించిన చీటి ఇచ్చుచున్నారా? స్త్రీతో ఏకాంతముగా మాటలాడుటకు గది యున్నదా? రాత్రివేళ ఆపద వచ్చిన ఎవరిని పిలువవలెను? నిరుపేదల ప్రయాణ ఖర్చునకు సంఘ నిధినుండి సాయము చేయుటకు ముందే తీర్మానించుకొనుడు.

అడుగగూడనిదియు ఒకటి కలదు. చికిత్స పొందిన స్త్రీ ఎవరని అడుగవలదు. ఆమె పేరు బయటపెట్టిన వైద్యునకు ఒక సంవత్సరము వరకు ఖైదు విధింపవచ్చునని 2021 సవరణ చెప్పుచున్నది. గర్భస్థ శిశువు ఆడో మగో పరీక్షించి తెలుపుట 1994 చట్టము ప్రకారము నేరమే, దానిని అరికట్టవలసినదే. అయినను ఆ అనుమానముతో రక్తస్రావముతో వచ్చిన స్త్రీని ప్రశ్నలతో నిలువరించుట తగదు. ఆపదలో నున్నవారికి వైద్యము చేయుట ప్రతి వైద్యుని విధియని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆమె తనంతట మాత్రలు మ్రింగినను, నాటువైద్యునికడకు పోయినను ఈ విధి మారదు. ముందు ప్రాణము, తరువాతనే విచారణ.

సభ్యులారా! బాలింతను పదిమందియు చూచుకొందురు. ఈమెను చూచువారు లేరు. ఈమె శరీరమునకును విశ్రాంతి, పోషకాహారము, ఆదరణ కావలెను. ఆమె ఎవరో మనకు తెలియనక్కరలేదు. ఆపదవేళ ఎటు పోవలెనో ఆమెకు తెలిసియుండవలెను. వచ్చు సమావేశముననే ఈ విషయము చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాము.