చిన్న పార్టీ, ఒకే స్థానం: బాగేపల్లి చెప్పే పాఠం



యలహంక నుంచి 44వ జాతీయ రహదారి మీద ఉత్తరంగా బయలుదేరిన బస్సు దేవనహళ్లి, చిక్కబళ్ళాపురం దాటి, ఆంధ్ర సరిహద్దుకు కొంచెం ఇవతల బాగేపల్లి చేరుతుంది. తాలూకా కర్ణాటకదే అయినా అక్కడి సంతలలో, ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట తెలుగే. యలహంకలో స్థిరపడిన తెలుగువారిలో ఆ వైపు నుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి.

కర్ణాటక ఎన్నికల చరిత్రలో బాగేపల్లికి ఒక ప్రత్యేకత ఉంది. రాష్ట్రంలోని 224 శాసనసభ స్థానాలలో సిపిఎంకు చెప్పుకోదగిన బలమున్న చోట్లు బహు స్వల్పం. అటువంటి పార్టీ ఈ గ్రామీణ నియోజకవర్గంలో 1994లోనూ, 2004లోనూ గెలిచింది. ఆ రెండుసార్లూ అభ్యర్థి జి.వి. శ్రీరామరెడ్డి. ఆ తరువాత జరిగిన శాసనసభ ఎన్నికలలో 2023 వరకు ఆ పార్టీకి స్థానం దక్కలేదు. చిన్న పార్టీకి గ్రామీణ స్థానంలో విజయం ఎలా చేకూరుతుంది, ఎందుకు చేజారుతుంది అనే ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ యలహంక వాసులకు దొరకదు.

ముందుగా నియమాన్ని గుర్తు చేసుకోవాలి. భారతదేశంలో శాసనసభ నియోజకవర్గానికి ఒక్కరే ప్రతినిధి. పోలైన ఓట్లలో సగం రావాలన్న నిబంధన లేదు. మిగిలిన ప్రతి అభ్యర్థి కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. ఈ నియమం సాధారణంగా పెద్ద పార్టీలకు అనుకూలిస్తుంది. అయితే రెండు పరిస్థితులు కలిసివచ్చినప్పుడు ఇదే నియమం చిన్న పార్టీకి తలుపు తెరుస్తుంది.

మొదటిది, బలం ఒకచోట కుదురుకొని ఉండడం. ఊరంతా చిలకరించిన నీటితో ఒక్క మడి కూడా తడవదు. ఒకే కాలువలో పారించిన నీటితో ఆ మడి పండుతుంది. బాగేపల్లి ప్రాంతంలో ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువులు, బోరుబావులే ఆధారం. భూమి, కూలి, సాగునీరు అనే సమస్యల చుట్టూ రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు అక్కడ పనిచేశాయి. ఎన్నికల నెలలో మాత్రమే కనబడే పార్టీకీ, కరవు సంవత్సరంలో తాలూకా కార్యాలయం ముందు కూర్చున్న పార్టీకీ తేడాను గ్రామీణ ఓటరు గుర్తిస్తాడు. రాష్ట్రస్థాయిలో లెక్కకు రాని ఓట్ల శాతం ఒక తాలూకాలో విజయానికి సరిపోయేది అందువల్లనే.

రెండవది, ఎదుటివారి ఓట్లు చీలడం. ఇది చిన్న పార్టీ చేతిలో లేని విషయం. 2008 ఎన్నికలలో కాంగ్రెస్ అభ్యర్థి ఎన్. సంపంగి దాదాపు 32 వేల ఓట్లతో గెలిచారు. శ్రీరామరెడ్డి వెయ్యిలోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. పదేళ్ల తరువాత, 2018లో, శ్రీరామరెడ్డికి 51 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. 2008 విజేత కంటే ఎంతో ఎక్కువ. అయినా స్థానం దక్కలేదు. కాంగ్రెస్ అభ్యర్థి ఎస్.ఎన్. సుబ్బారెడ్డి దాదాపు 14 వేల ఆధిక్యంతో గెలిచారు. అంతకుముందు 2013లో ఆయన ఏ పార్టీ గుర్తూ లేకుండా స్వతంత్రునిగానే అక్కడ నెగ్గారు. ఓట్లు పెరగడం ఒకటి, గెలవడం మరొకటి. బరిలో ఎందరున్నారు, ఎవరి ఓటు ఎవరితో పంచుకోబడింది అన్నదాని మీదే గెలుపు గీత ఎక్కడ పడుతుందో ఆధారపడుతుంది.

ఈ రెండింటికి తోడు మూడవ అంశం వ్యక్తి. పెద్ద పార్టీ అభ్యర్థిని మార్చినా గుర్తు నిలబడుతుంది. చిన్న పార్టీకి చాలా చోట్ల అభ్యర్థే గుర్తు. 2018 ఎన్నికల తరువాత శ్రీరామరెడ్డి పార్టీకి దూరమయ్యారు. 2022 ఏప్రిల్‌లో కన్నుమూశారు. 2023లో జనతాదళ్ (ఎస్) మద్దతు ప్రకటించినప్పటికీ సిపిఎం కొత్త అభ్యర్థి మూడవ స్థానంలో నిలిచారు. వచ్చిన ఓట్లు 20 వేల లోపే. అయిదేళ్ల ముందటి సంఖ్యలో సగం కూడా కాదు. తన బలాన్ని ఒక వ్యక్తి నుంచి సంస్థకు మళ్లించుకోలేని చిన్న పార్టీ ఆ వ్యక్తితోపాటే బలాన్ని కోల్పోతుంది.

ఓటు లెక్కించే విధానం మారితే ఈ కథ ఎలా మారుతుందో చూడడానికి ఐర్లండ్ మంచి ఉదాహరణ. అక్కడ ఒక్కొక్క నియోజకవర్గం నుంచి మూడు మొదలు అయిదుగురి వరకు ఎన్నికవుతారు. ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని తన ప్రాధాన్యక్రమం రాస్తాడు. తొలగిపోయిన అభ్యర్థి ఓట్లు తరువాతి ప్రాధాన్యానికి బదిలీ అవుతాయి. అయిదు స్థానాల నియోజకవర్గంలో చెల్లిన ఓట్లలో ఆరింట ఒక వంతు దాటితే ఒక స్థానం ఖాయం. అదే భారతదేశంలో ఆరింట ఒక వంతు దాటితే దక్కేది ధరావతు సొమ్ము, అంటే డిపాజిట్, మాత్రమే. ఒక దేశంలో ప్రతినిధిని చేసే ఓటు మరొక దేశంలో శాసనసభ అభ్యర్థికి పదివేల రూపాయలు తిరిగి ఇప్పిస్తుంది.

అయినా అక్కడి చిన్న పార్టీకి కూడా గ్రామీణ స్థానం సులభం కాదు. కార్లో–కిల్‌కెనీ అనే అయిదు స్థానాల నియోజకవర్గంలో గ్రీన్ పార్టీ తరఫున మేరీ వైట్ 2007లో గెలిచి 2011లో ఓడారు. మాల్కమ్ నూనన్ 2020లో గెలిచి 2024లో ఓడారు. విధానం తలుపు తెరవగలదు. లోపల నిలబెట్టేది మాత్రం స్థానిక బలమే.

ఇప్పుడు యలహంకకు వస్తే, బాగేపల్లి, యలహంక శాసనసభకు వేర్వేరు నియోజకవర్గాలు. లోక్‌సభకు మాత్రం రెండూ చిక్కబళ్ళాపురం స్థానంలోనివే. 2014లో ఆ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి వీరప్ప మొయిలీ బిజెపి అభ్యర్థి మీద 9,520 ఓట్ల తేడాతో గెలిచారు. మూడవ స్థానంలో నిలిచిన జనతాదళ్ (ఎస్) నాయకుడు కుమారస్వామికి మూడు లక్షల నలభై వేలకు పైగా ఓట్లు వచ్చాయి. గెలవని పార్టీ కూడా గెలుపోటముల గీతను జరపగలదని ఆ ఫలితం చూపింది.

ఈ లెక్కలో వలస వచ్చిన కుటుంబానికి చోటు ఎక్కడ? వెయ్యిలోపు ఓట్లతో ఫలితం తేలే నియోజకవర్గంలో, పట్నానికి వెళ్లి ఎన్నికల రోజున తిరిగిరాని కొన్ని వందల కుటుంబాలు నిశ్శబ్దంగానే తీర్పును మార్చగలవు. ఊరిలో పేరు ఉండి ఓటు వేయనివారు, యలహంకలో నివసిస్తూ ఇక్కడ పేరు నమోదు చేసుకోనివారు రెండు చోట్లా మాట లేనివారుగా మిగిలిపోతారు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సాధారణంగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు. ఊరిలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అనిపించుకోరు; తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదు. రెండు జాబితాలలో పేరు ఉండకూడదు. నివాసం మారినవారు ఎనిమిదవ నంబరు ఫారం, తొలిసారి నమోదు చేసుకొనేవారు ఆరవ నంబరు ఫారం సమర్పించాలి. బాగేపల్లి నుంచి యలహంకకు ఓటు మార్చుకున్నవారికి లోక్‌సభ స్థానం మారదు. శాసనసభ స్థానం మాత్రం మారుతుంది. ఏ ఊరి రోడ్డు, ఏ ఊరి నీరు, ఏ ఊరి బడి గురించి తమ మాట చెల్లాలో ఆ కుటుంబమే యోచించి నిర్ణయించుకోవాలి.

ఏ పార్టీ గెలవాలన్నది ఓటరు ఇష్టం. అయితే చిన్న పార్టీకి వేసిన ఓటు వృథా అనే మాట గాని, ఒక్క ఓటుతో ఏమవుతుందనే మాట గాని బాగేపల్లి అనుభవం ముందు నిలవదు. అక్కడ 51 వేలు ఓడిపోయాయి, 32 వేలు గెలిచాయి. ఆ రెండు అంకెల నడుమ ఉన్నది జాబితాలో పేరు ఉండి, ఆ రోజున వరుసలో నిలబడిన మనిషి.