పిల్లికి గృహనిర్బంధం

జర్మనీలో వాల్‌డోర్ఫ్ అనే ఊరుంది. 2022 మే నెలలో అక్కడి జిల్లా యంత్రాంగం ఊరి దక్షిణ భాగంలోని పెంపుడు పిల్లులకు గృహనిర్బంధం విధించింది. ఆగస్టు ఆఖరు దాకా గడప దాటకూడదు. దాటితే యజమానికి 500 యూరోల జరిమానా. పిల్లి వల్ల ఆ పిట్ట ప్రాణం పోతే 50 వేల దాకా!

ఏ పిట్ట అంటారా? తల మీద కుచ్చున్న భరతపక్షి. అప్పటికి అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. నేల మీదే గూడు కడుతుంది, ఎగరలేని పిల్లలు పంజాకు ఇట్టే చిక్కుతాయి. తాడు కట్టి తిప్పుకోవచ్చన్నారు. తాడుకు లొంగే పిల్లిని మీరెప్పుడైనా చూశారా?

పాలన్నం పెట్టాం కదా, ఇంకా వేటెందుకు అనుకుంటాం. కడుపు నిండినా కదిలేది కనబడితే పిల్లి ఆగదు. మన వీధుల్లోనైతే దానికీ ముప్పే: బండ్లు, కుక్కలు, రేబిస్. నేనైతే పూర్తిగా బంధించమనను. వేట వేళలైన తెల్లవారుజామున, మునిమాపున లోపలుంచండి. టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాత్రం తప్పవు. మెడలో గంట కూడా కొంత పనిచేస్తుంది. పాపం, కథలో ఎలుకలకు చేతకాని పని అది.