సపోటా పుట్టిన అడవి: మాయా సీమలో యాత్రలు, రాజ్యముల పొత్తు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



సపోటా పండు రుచి ఎఱుగని తెలుగువారు అరుదు. పెరళ్ళలోను, తోటలలోను పెరుగు ఈ చెట్టు ఈ దేశపుది కాదని ఎఱిగినవారు మాత్రము కొందఱే. దాని పుట్టినిల్లు అమెరికా ఖండముల నడిమి భాగమున, మెక్సికో దక్షిణ ప్రాంతమునుండి గ్వాటిమాలా, బెలీజ్ దేశములలోనికి వ్యాపించిన మహారణ్యము. సపోటా యను పేరు సైతము మెక్సికోలోని నహువాతల్ భాషలో పుట్టి, స్పానిషువారి నోట మాఱి, ఓడలెక్కి వచ్చినదే. ఆ అడవిలో ఈ చెట్టు నూఱడుగుల ఎత్తునకు ఎదుగును. దాని కఱ్ఱకు చెద భయము లేదన్నంత గట్టిదనము. వేయి సంవత్సరములకు పైబడిన కాలము క్రిందట మాయా జాతివారు తికాల్ నగరమున కట్టిన ఆలయములలో, ద్వారములపై ఈ కఱ్ఱదూలములనే చెక్కి నిలిపిరి. రాతికట్టడముతోపాటు ఆ కఱ్ఱయు ఇన్ని శతాబ్దముల వానకు, ఉక్కకు ఓర్చినది.

అట్లు చెక్కిన దూలములలో మేలైనవి కొన్ని 19వ శతాబ్దమున సముద్రము దాటి స్విట్జర్లండులోని బాసెల్ నగరపు మ్యూజియమునకు చేరినవి. చూడవచ్చినవాడు ఏమి ఇచ్చిపోయెను, ఏమి పట్టుకొనిపోయెను అను ప్రశ్న ఆ సీమలో నాటినుండియు కలదు. ఐదు రాజ్యములు చేరి ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచున్న కథయే ఈ ప్రసంగమునకు విషయము.

మాయా యను పేరు వినగనే తెలుగువారికి మయుడును, మయసభయు తలపునకు వచ్చుట సహజము. ఆ మాటకును ఈ మాటకును చుట్టఱికము లేదు. ఉన్నదని వ్రాసిన పుస్తకములు కలవు గాని వానికి ఆధారము లేదు. మాయమైపోయిన జాతి యని వీరిని వర్ణించుటయు అట్టి పొరపాటే. క్రీ.శ. 250 మొదలు 900 వఱకు ఉన్నతదశలో నుండిన నగరములు పాడుపడినవి గాని జనులు అంతరింపలేదు. మాయా భాషలు నేటికిని 30 వఱకు వాడుకలో నున్నవి. ఒక్క గ్వాటిమాలాలోనే 22 మాయా భాషలకు ప్రభుత్వపు గుర్తింపు కలదు. జొన్నపొత్తును పోలిన మొక్కజొన్నయే వారికి అన్నము. చిక్కుడు, గుమ్మడి దాని తోడు పంటలు.

ఈ జాతి నివసించిన సీమపై స్పానిషువారును, ఆంగ్లేయులును, తదుపరి స్వతంత్ర ప్రభుత్వములును గీచిన గీతలవలన మెక్సికో, గ్వాటిమాలా, బెలీజ్, హొండురాస్, ఎల్ సాల్వడార్ అను ఐదు రాజ్యములకు ఆ వారసత్వము పంపకమైనది. తికాల్ గ్వాటిమాలాకు, కలక్‌ముల్ మెక్సికోకు, కారకోల్ బెలీజుకు, కోపాన్ హొండురాసునకు దక్కినవి. తికాల్, కలక్‌ముల్ ఒకనాడు బద్ధవైరులు. ఒకరినొకరు యుద్ధమున ఓడించిన నగరములు. నేడు అవి ఒకే యాత్రాపటమున ప్రక్కప్రక్కన నిలిచినవి. ఎల్ సాల్వడారు వంతునకు వచ్చినది గోపురము కాదు, ఒక పల్లె. హోయా దె సెరెన్ అను ఆ పల్లె క్రీ.శ. 600 ప్రాంతమున అగ్నిపర్వతపు బూడిదక్రింద నిండ మునిగినది. జనులు ముందే పరుగెత్తి ప్రాణములు దక్కించుకొనిరి కాబోలు, ఇండ్లలో శవములు లేవు. కుండలలో చిక్కుడు గింజలు, దొడ్డిలో పంట వరుసలు, చూరులలో కత్తులు దాచినవి దాచినట్లే దొరకినవి. 1993లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది. రాజుల గోపురములకన్న ఈ కాపువారి ఇండ్లు చూడదగినవని చెప్పవలెను. అయినను యాత్రికులు గోపురములకే పోవుదురు.

ఈ స్థలములన్నిటిని కలిపి ఒక దారిగా చూపవచ్చునను ఆలోచనను 1989 అక్టోబరులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక సంపాదకుడు విల్బర్ గారెట్ లోకమున కెఱిగించెను. సుమారు 1,500 మైళ్ళ చుట్టుదారి. ఆ దారిని వచ్చు ధనముతో అడవిని, శిథిలములను, అందలి ప్రజలను పోషించుట ఆయన ఉద్దేశము. అప్పటి పరిస్థితి తలచినచో ఇది సాహసమే. గ్వాటిమాలాలో 1960లో మొదలైన అంతర్యుద్ధము 1996 డిసెంబరు 29 వఱకు ముగియలేదు. అందు మృతులును, అదృశ్యులును కలిసి 2 లక్షలకు మించిరని 1999 నాటి విచారణ సంఘము తేల్చినది. గుర్తుపట్టబడిన బాధితులలో నూటికి 83 మంది మాయా జాతివారే. ఎల్ సాల్వడారులో 1992 వఱకు యుద్ధము. 1981లో స్వతంత్రమైన బెలీజును గ్వాటిమాలా పదేండ్లవఱకు గుర్తింపలేదు. వారి సరిహద్దు తగవు 2019లో అంతర్జాతీయ న్యాయస్థానమున కెక్కినది. ఇట్టి ఇరుగుపొరుగులు ఐదుగురు 1990 తరువాతి సంవత్సరములలో ‘ముండో మాయా’ అను పేర ఉమ్మడి సంస్థను నిలుపుకొనిరి. యూరపియను కమ్యూనిటీ అందుకు చేయూత నిచ్చెను. పటములు, ప్రకటనలు, సమావేశములు బాగుగనే సాగినవి. మాయా పేరిట ఏర్పడిన సంస్థలో మాయా ప్రజలకు మాత్రము పీట వేయలేదను విమర్శ వచ్చినది. ఆ విమర్శ న్యాయమైనదే.

ధనము దారి తప్పుట ఎట్లో తెలియవలెనన్న కాన్‌కూన్ కథ చాలును. మెక్సికో ప్రభుత్వపు బ్యాంకు లెక్కలు కట్టి ఎంచుకొన్న ఇసుకదిబ్బ అది. 1970లో పని మొదలుపెట్టిరి. అమెరికా రాజ్యముల ఉమ్మడి అభివృద్ధి బ్యాంకు మఱుసటి యేడు అప్పిచ్చెను. నాడు ఆ చుట్టుప్రక్కల నూరు మందియో ఏమో ఉండిరి. 2020 జనాభా లెక్కలనాటికి ఆ నగరమున 9 లక్షలకు చేరువైరి. పని దొరకలేదని ఎవరును అనజాలరు. యుకతాన్ పల్లెల మాయా యువకులు హోటళ్ళు కట్టిరి, హోటళ్ళలో పక్కలు వేసిరి, గిన్నెలు తోమిరి. సముద్రతీరపు హోటలు వరుస ఒక ఊరు. పనివారు నీటికి, దీపమునకు కటకటపడిన లోపలి బస్తీలు మఱియొక ఊరు. ఇసుక దిబ్బను పట్టియుంచిన మడచెట్లను నఱికి కట్టిన తీరము కావున 2005 అక్టోబరులో విల్మా తుపాను వచ్చినపుడు బీచి ఇసుకంతయు కొట్టుకొనిపోయినది. యాత్రికులకొఱకు సముద్రగర్భమునుండి ఇసుకను తోడి మఱల పఱచవలసివచ్చెను. అసలు ముట్టక వడ్డీతో జరుపుకొనుటను నేడు లోకము నిలుకడగల యాత్రా పరిశ్రమ యనుచున్నది. కాన్‌కూనులో అసలే ఖర్చయినది.

ఇక అడవికి పోవుదము. గ్వాటిమాలా ఉత్తర భాగమున పెతేన్ అను విశాల ప్రాంతము కలదు. 1990లో ప్రభుత్వము అచ్చట 52 లక్షల ఎకరములకు మించిన భూమిని మాయా జీవావరణ రక్షితారణ్యముగా ప్రకటించెను. దేశమున ఇంచుమించు అయిదవ వంతు. ఆ శాసనము వ్రాసినవారు రాజధానిలో నుండిరి. అడవిలో బ్రతుకుచున్నవారిని అడిగినవారు లేరు. ఆ అడవిలో తరతరములుగా చిక్లే తీయువారుండిరి. చిక్లే యనగా సపోటా చెట్టు పాలు. వానకాలమున చెట్టెక్కి, పట్టపై ఏటవాలుగా గాట్లు పెట్టి, కారిన పాలను కాచి ముద్దకట్టినచో అదియే చూయింగ్ గమ్మునకు మూలవస్తువు. ఒకసారి గాటుపెట్టిన చెట్టును కొన్నేండ్లు విడిచిపెట్టవలెను, లేనిచో ఎండిపోవును. రెండవ ప్రపంచయుద్ధము తరువాత కృత్రిమపదార్థము వచ్చి ఈ వ్యాపారమును దెబ్బతీసినది గాని, చెట్టును చంపక పాలు పిదుకు విద్య వారిలో నిలిచినది. షాతే యను చిన్న ఈత జాతి మొక్క ఆకులు కోసి అమెరికాలోని పూలదుకాణములకు పంపుటయు వారి జీవనోపాధియే. ఇట్టివారిని అడవికి శత్రువులుగా నెంచుటవలన మొదట ఘర్షణలు చెలరేగినవి.

సమాధానము ఒప్పందపు రూపమున వచ్చినది. 1994 మొదలుకొని అడవిలోని కొన్ని భాగములను 25 సంవత్సరముల గడువుపై ఊళ్ళ సంఘములకు అప్పగింపసాగిరి. భూమి ప్రభుత్వముదే; అనుభవము ఊరిది; లెక్క తప్పక చెట్లు కొట్టుట, నిప్పు పడకుండ కాచుట ఊరి పూచీ. 1996 శాంతి ఒడంబడికలలో ఇట్టి ప్రాంతమునుండి సుమారు రెండున్నర లక్షల ఎకరములు చిన్నరైతుల సంఘముల కీయవలెనను షరతు చేరుటచే ఈ పని ఊపందుకొన్నది. విదేశీ ప్రభుత్వముల సాయధనము, అడవి ధ్రువపత్రములిచ్చు అంతర్జాతీయ సంస్థల తనిఖీ ఇందుకు తోడైనవి. వాషక్తూన్ అను ఊరికి 2000లో దక్కిన అడవి 2 లక్షల ఎకరములకు పైమాటే. ఫలితము కనుల యెదుట నున్నది. ఊళ్ళు నిలిచి కాచుచున్న భాగములలో అడవి నఱకుట నామమాత్రము. కేవలము కాగితముపై కట్టుదిట్టమైన జాతీయోద్యానముగా నిలిచిన పడమటి లగూనా దెల్ తిగ్రే ప్రాంతమున పశువుల మందలకై అడవి విరివిగా తగులబడిపోయినది. కంచె వేసిన అడవి పోయెను, కాపు నిలిచిన అడవి మిగిలెను.

ఈ ఊళ్ళలో కార్మెలీతా యనునది దారికి చివరి ఊరు. అచ్చటినుండి రెండు దినములు కాలినడకను పోయినచో ఎల్ మిరాదోర్ నగర శిథిలములు. అందలి దాంతా గోపురము 236 అడుగుల ఎత్తు. దారి చూపువారు, కంచరగాడిదలు, వంటవారు, డేరాలు సమస్తము ఊరి సహకార సంఘమువారివే. యాత్రికుల సంఖ్య కొద్దియే. వచ్చిన డబ్బు ఊరిలోనే దిగును. 2018లో విమానములనుండి లేసరు కిరణములతో కొలిచి, పెతేన్ అడవిక్రింద 60,000కు మించిన కట్టడముల జాడలు కలవని పండితులు ప్రకటించిరి. ఆ వార్తతో ఈ అడవిపై లోకపు కన్ను పడెను. 2019 చివర అమెరికా సంయుక్త రాష్ట్రముల సెనేటులో మిరాదోర్, కలక్‌ముల్ పరిసరముల రక్షణకు సాయమీయవలెనని ఒక బిల్లు వచ్చినది. చిన్న రైలు, వసతిగృహములు అను ఆలోచనలును అంతకుముందే ప్రచారములో నుండెను. ఉద్దేశము మంచిదే కావచ్చును. అయితే తమను అడుగక తమ అడవిపై వేఱొక దేశమున చట్టమేమని ఊళ్ళ సంఘములు ఎదురుతిరిగినవి. ఆ బిల్లు శాసనము కాలేదు. ఆ సంవత్సరమే కార్మెలీతా ఒప్పందమును గ్వాటిమాలా ప్రభుత్వము మఱి 25 ఏండ్లకు పొడిగించెను.

సముద్రపు వైపున ఈ పొత్తు త్వరగా పండినది. తీరమువెంబడి సుమారు 600 మైళ్ళు సాగిన పగడపు దిబ్బలను కాపాడుదమని మెక్సికో, బెలీజ్, గ్వాటిమాలా, హొండురాస్ అధినేతలు 1997లో తులూమ్ వద్ద ప్రకటన చేసిరి. బెలీజ్ పగడపు దిబ్బలు 1996లో ప్రపంచ వారసత్వ పట్టికకెక్కి, మడచెట్ల నఱుకుడువలనను, చమురు తవ్వకపు భయమువలనను 2009లో ప్రమాద జాబితాలో పడినవి. బెలీజ్ చిన్న దేశము. చమురు ఆశ చిన్నది కాదు. అయినను దిబ్బలు పోయిన పిదప చేపయు, యాత్రికుడును రారని జాలరులు, పడవవారు పట్టుపట్టగా, ఆ జలములలో చమురు తవ్వకమును ప్రభుత్వము శాసనము ద్వారా నిలిపివేసెను. 2018లో దిబ్బల పేరు ప్రమాద జాబితానుండి తొలగినది.

అన్ని వార్తలును ఇట్టివి కావు. మెక్సికోలో ఐదు రాష్ట్రముల గుండ 1,500 కిలోమీటర్లకు పైగా పోవు మాయా రైలు 2023 డిసెంబరులో నడక మొదలిడినది. పేద దక్షిణ ప్రాంతమునకు రాకపోకలు, ఉద్యోగములు వచ్చునని ప్రభుత్వపు మాట. దారికై కొట్టిన అడవి, నేలక్రింది గుహలలోని మంచినీటికి కలిగిన ముప్పు చూడుడని విమర్శకుల మాట. రెండిటను సత్యము కలదు. తూకము ఎటు మొగ్గునో పట్టాల వెంబడి పల్లెలే చెప్పగలవు. 2025 ఆగస్టు 15న మెక్సికో, గ్వాటిమాలా అధ్యక్షులును, బెలీజ్ ప్రధానియు కలక్‌ముల్ వద్ద కలిసికొని, మూడు దేశముల అడవిని ఒక్కటిగా, ఇంచుమించు 1 కోటి 40 లక్షల ఎకరములుగా కాపాడుదుమని ప్రకటించిరి. రైలును పొరుగు దేశములకు పొడిగించు మాటయు నాడు వచ్చెను. రక్షితారణ్యములో పట్టాలు వేయనీయనని గ్వాటిమాలా అధ్యక్షుడు చెప్పెను. జాగ్వారు పులికి సరిహద్దు లేదు. దొంగకలపకును లేదు. అందుచేత మూడు దేశముల కావలివారు ఒకరికొకరు కబురందించుకొనుట ఈ ఒడంబడికలో అన్నిటికన్న ముఖ్యమైన పని.

తికాలునకు ఉత్తరముగా పదునాలుగు మైళ్ళు మట్టిదారిని పోయినచో వాషక్తూన్ వచ్చును. తికాల్ చూడవచ్చినవారిలో అంతదూరము పోవువారు స్వల్పము. చిక్లే ముద్దలను తీసికొనిపోవుటకై పూర్వము విమానములు దిగిన పొడవైన బయలు ఆ ఊరి నడుమ నున్నది. దాని కిరువైపుల ఇండ్లు. విమానములు రాక మానినవి. ఆ బయలులో ఇపుడు గుఱ్ఱములు మేయును, సాయంకాలమున పిల్లలు బంతి యాడుదురు. ఎండకాలము రాగానే ఊరివారు జట్లుగా విడిపోయి అడవిలో నిప్పుగీతలు చెక్కుటకు బయలుదేఱుదురు.