వేసవి సెలవులలో బాలబాలికల గణితాభ్యాసము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



సాధారణముగా ఏప్రిలు చివరి వారమున బడి మూతపడును. జూన్ రెండవ వారమున తెరచుకొనును. నడుమ సుమారు ఏడు వారములు లెక్కల పుస్తకము మూలబడియుండును. చదువ నేర్చిన పిల్లవాడు బస్సుమీది ఊరిపేరో, గోడమీది ప్రకటనయో చదువుచునే యుండును గనుక అక్షరము అంత సులభముగా జారిపోదు. లెక్క అట్లు కాదు. అభ్యాసము ఆగిన మరపునకు వచ్చును. 1996లో అమెరికాలో హారిస్ కూపర్ మొదలగు పరిశోధకులు పూర్వము జరిగిన 39 పరిశీలనలను సమీక్షించి, వేసవిలో పిల్లలు సగటున ఒక నెల చదువును కోల్పోవుదురనియు, పఠనముకంటె గణితమున ఈ నష్టము హెచ్చనియు తేల్చిరి.

భాగహారము మరచిన బాలికకు జూన్‌లో భిన్నముల పాఠము ఎట్లు బోధపడును? మెట్టు విరిగిన నిచ్చెన ఎక్కనీయదు. మొదట లెక్కలన్న భయము, పిదప బడియన్నను విముఖత కలుగును. నష్టము ఒక నెలతో పోవునది కాదు.

ఇందుకు ధనవ్యయము అక్కరలేదు. వేసవియే ఈ ప్రాంతమున లెక్కల కాలము. భూపాలపల్లి, మహబూబాబాదు అడవులలో తునికాకు సేకరణ ఈ దినములలోనే సాగును. కట్టకు 50 ఆకులు. వేయి కట్టలు ఒక ప్రామాణికపు సంచి. ఒక ఇంటివారు 135 కట్టలు కట్టిన ఆకులెన్ని? 6,750. సంచి నిండుటకు ఇంకెన్ని కట్టలు కావలెను? 865. కట్ట 3 రూపాయలనుకొనిన కూలి ఎంత? 405 రూపాయలు. జనగామ ప్రాంతమున యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రమునకు చేరును. 40 కిలోల బస్తాలు 36 అయిన 1,440 కిలోలు, అనగా 14 క్వింటాళ్ల 40 కిలోలు. తేమ 17 శాతమునకు మించరాదనినప్పుడు శాతమన నేమో పెద్ద తరగతి పిల్లవానికి అక్కడనే తెలియును.

పిల్లలను ఎండలో పనికి పంపుమని దీని భావము కాదు. సాయంకాలము పెద్దలు లెక్క చూచుకొనునపుడు ప్రక్కన కూర్చుండబెట్టి, ముందుగా వారినే చెప్పుమనిన చాలును. తల్లి చదువుకొననిదైనను సంకోచింపవలదు. సంతలో కూరగాయల వెల నోటితోనే కట్టు తల్లి, ఆ లెక్క ఎట్లు వచ్చినదో బిడ్డను అడుగగలదు. బిడ్డ కాగితముమీద వేసి చూపగలదు. లెక్క నేర్చిన బిడ్డ ఇంటికి రావలసిన ప్రతి రూపాయికి కాపరి.

మధ్యాహ్నపు నీడలో ఆటలును గురువులే. వామనగుంటలలో చింతగింజలు పంచుట కూడిక, తీసివేతలను నేర్పును. అష్టాచెమ్మాలో గవ్వలు ముందుచూపును నేర్పును. ఉదయమున ఎక్కములు వల్లించి, అయిదు లెక్కలు చేయుటకు పావుగంట చాలును. తప్పు చేసిన బిడ్డను కసరరాదు. ఎక్కడ తప్పినదో తానే వెదకునట్లు చేయవలెను.

సుమారు 11వ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితగ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితము తెలుగువారికి పరాయి విద్య కాదు. గ్రంథాలయమువారు వేసవిలో ప్రతి ఉదయము ఒక గంట చాప పరచి, పదవ తరగతి దాటిన విద్యార్థులచే చిన్నవారికి లెక్కలు చెప్పించిన, ఈ రజతోత్సవమునకు అదియే సార్థకమైన జ్ఞాపిక కాగలదు. జూన్‌లో బడిగంట మ్రోగినపుడు ఈ ఊరి పిల్లలెవ్వరును లెక్కల తరగతికి భయపడుచు పోకుందురు గాక!