నానో పసుపు దొరికితే కీమో ఆపేయొచ్చా?

సిద్దిపేట జిల్లా బెజ్జంకి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ళ అమ్మకు రొమ్ము క్యాన్సర్. బెజ్జంకి క్రాస్ రోడ్డు దగ్గర బస్సెక్కి హైదరాబాద్ వచ్చి కీమో ఎక్కించుకుని పోతున్నారు. ఈమధ్య ఎవరో 'నానో పసుపు చుక్కలు' అని వీడియో పంపారట. "అన్నా, పసుపు నీళ్ళల్ల కరగదు కాబట్టే ఇన్నాళ్ళు పనిచెయ్యలేదంట. నానో చేస్తే క్యాన్సర్ పోతదంట. కీమో ఆపి ఇది వాడొచ్చా?" అని అడిగాడు.

తమ్ముడూ, ఆపొద్దు. ముందు ఆ మాట చెప్పేశాను. కానీ ఆ వీడియోలో సగం నిజం ఉంది, దాని సంగతి చూద్దాం.

గ్లాసు నీళ్ళలో చెంచా పసుపు వేసి కలపండి. కాసేపటికి అడుగున పేరుకుంటుంది. అదే తాలింపు నూనెలో వేస్తే నూనె మొత్తం పచ్చగా అయిపోతుంది. పసుపులో ఉండే కర్కుమిన్‌కు నూనె ఇష్టం, నీళ్ళు పడవు. మన రక్తమేమో ఎక్కువ భాగం నీళ్ళే. చెట్ల నుంచి వచ్చిన చాలా మందులకు ఉన్న తలనొప్పి ఇదే.

ఆ అమ్మకు రాసిన చీటీలో పాక్లిటాక్సెల్ అని ఉంది. అది కూడా చెట్టు మందే! 1962లో అమెరికాలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు సేకరించారు. 1971లో మన్రో వాల్, మన పక్క మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వాణీ, వాళ్ళ బృందం కలిసి అందులోని పదార్థం నిర్మాణం బయటపెట్టారు. మందుగా అమెరికాలో ఆమోదం వచ్చింది 1992 చివర్లో. ఇన్నేళ్ళు పట్టడానికి ఒక పెద్ద కారణం, అది నీళ్ళలో దాదాపు కరగకపోవడం.

మరి ఎలా కరిగించారు? ఆముదంతో! మన పాలమూరు వైపు చేలల్లో పండే ఆముదమే. దాన్ని రసాయనికంగా మార్చి, సబ్బులాగా ఒక చేత్తో నూనెనూ ఇంకో చేత్తో నీళ్ళనూ పట్టుకునే చిక్కటి ద్రవంగా చేస్తారు. పేరు క్రెమోఫోర్. లెక్క చూడండి. 300 మిల్లీగ్రాముల మందు కావాలంటే సీసాలోంచి 50 మిల్లీలీటర్లు తీయాలి. అందులో ఈ ఆముదం సరుకే సుమారు 26 గ్రాములు, దాదాపు సగం ఆల్కహాల్. మందు చిటికెడు, మోసే బండి గంపెడు అన్నమాట.

ఆ బండితోనే చిక్కు. మొదటి ట్రయల్స్‌లో కొందరికి దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం. అక్కడితో మందు కథ ముగిసేదే. ముందుగా స్టెరాయిడ్, అలర్జీ మందులు ఇచ్చి, గంటల తరబడి మెల్లగా ఎక్కించే పద్ధతి పెట్టి దాన్ని కాపాడుకున్నారు. ఆ అమ్మ మూడు గంటలు బెడ్ మీద ఉండాల్సి వస్తే అందుకే.

ఇప్పుడు నానో. మన రక్తంలోనే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఉంది, నూనె గుణం ఉన్నవాటిని మోయడం దాని పనుల్లో ఒకటి. ఆముదం పక్కన పెట్టి, పాక్లిటాక్సెల్‌ను దీనితో కలిపి సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. వెంట్రుక మందంలో ఐదారు వందలు పక్కపక్కన పడతాయి. 2005లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు ఆమోదం వచ్చింది. అరగంటలో ఎక్కించేయొచ్చు, చాలామందికి ముందు స్టెరాయిడ్ అక్కర్లేదు. అలాగని అద్భుతం అనుకోవద్దు. రొమ్ము క్యాన్సర్ ట్రయల్‌లో చేతులు, కాళ్ళ తిమ్మిర్లు పాత మందుకంటే ఎక్కువగానే కనిపించాయి. డోసు కూడా వేరు, ఒకదాని బదులు ఇంకొకటి మనమే మార్చుకునేది కాదు.

ఇక్కడ ఒకటి గమనించండి. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ మీద పనిచేస్తుందని మనుషుల్లో ముందే తేలింది. నానో చేసింది బండి మార్చడమే. పసుపు విషయంలో ఆ మొదటి మెట్టే ఎక్కలేదు. ల్యాబ్ గిన్నెలో కణాలు చచ్చాయి, నిజమే. కానీ కర్కుమిన్ కరగకపోవడమే కాదు, ఒంట్లో నిలవదు కూడా. పేగులు, కాలేయం దాన్ని చకచకా మార్చేస్తాయి. ఇక్కడగానీ అమెరికాలోగానీ క్యాన్సర్ మందుగా దానికి ఆమోదం లేదు. పైగా, బాగా ఒంటికి పట్టేలా చేసిన కర్కుమిన్ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. పాక్లిటాక్సెల్‌ను ఒంట్లోంచి పంపేది కూడా ఆ కాలేయమే కదా. కూరలో చిటికెడు పసుపు గురించి కాదు నేను చెప్పేది, అది అమ్మను హాయిగా తిననీ.

తమ్ముడూ, ఆ చుక్కల సీసా కొనేసి ఉంటే పారేయకు. ఈసారి బస్సెక్కేటప్పుడు సంచిలో పెట్టుకుని డాక్టర్‌కు చూపించు, లేబుల్‌తో సహా. ఇంటి దగ్గర వేసుకోమని స్టెరాయిడ్ గోళీలు ఇచ్చి ఉంటే, అమ్మ వాటిని టైముకు వేసుకుందో లేదో చూడు. మందు మొదలైన మొదటి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి అమ్మ దగ్గరే కూర్చో. దురద, ఆయాసం, మొహం ఎర్రబడడం ఏది కనిపించినా వెంటనే నర్సును పిలువు.