నకళ్లు కాపాడిన చరిత్ర
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా మంచి పుస్తకం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. సర్వీసంతా నకళ్లు రాసినవాణ్ణి కనుక, నకళ్ల వల్లనే మిగిలిన ఒక పుస్తకం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇంగ్లండు ఈశాన్య తీరాన జారో అనే చోట ఒక క్రైస్తవ మఠం ఉండేది. ఏడేళ్ల వయసులో మఠ జీవితంలో ప్రవేశించిన బీడ్ అనే సన్యాసి, ఇంగ్లీషు ప్రజల మత చరిత్రను లాటిన్ భాషలో 5 భాగాలుగా రాసి 731లో ముగించారు. 735లో కాలం చేశారు. క్రీస్తు శకం లెక్కన సంవత్సరాలు వేసి చరిత్ర రాసే పద్ధతి వ్యాపించడానికి ఈ గ్రంథం ఎంతో తోడ్పడింది.

ఈ గ్రంథం కోసం లండను మతగురువు నోథెల్మ్ రోముకు వెళ్లి, పోపు అనుమతితో అక్కడి రికార్డులు వెదికి, పాత ఉత్తరాలకు నకళ్లు తెచ్చి ఇచ్చారు. బీడ్ మరొక గ్రంథం రాస్తూ డిక్టేషన్ చెప్పేదీ, దాన్ని తీసుకునేదీ, ఫెయిర్ కాపీ రాసేదీ తానేనని చెప్పుకున్నారు. సిబ్బంది కొరత ఆనాడూ ఉందన్నమాట!

చరిత్ర పూర్తి కాగానే నకలు తీయించుకోవడానికి రాజుగారికి పంపారు. ఆ ముందుచూపే మేలు చేసింది. 793 నుంచి ఆ తీరంలోని మఠాలపై వైకింగుల దాడులు మొదలయ్యాయి. బీడ్ స్వయంగా రాసిన ప్రతి నేడు లేదు. అయితే అప్పటికే ఆయన రచనల నకళ్లు సముద్రాలు దాటాయి. 764లో జర్మనీ నుంచి వాటిని కోరిన లుల్ అనే బిషప్పుకు మఠాధిపతి కత్‌బర్ట్ జవాబు రాస్తూ, గడచిన శీతాకాలపు చలికి, గాలివానలకు రాతగాడి చెయ్యి సాగలేదని, అందుచేత ఎక్కువ పుస్తకాలు పంపలేకపోయామని విన్నవించుకున్నారు.

నేడు ఆ చరిత్రకు 150కి పైగా చేతిరాత ప్రతులున్నాయి. 8వ శతాబ్దపు ప్రతులలో ఒకటి కేంబ్రిడ్జిలోను, మరొకటి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులోను భద్రంగా ఉన్నాయి. ఒక ప్రతిలో జారిన మాటను మరొక ప్రతి చూసి పండితులు సరిదిద్దుకుంటారు.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సర్వీసు రిజిస్టరు తిరగరాస్తూ ఒక ఇంక్రిమెంటు పద్దు వదిలేశాను. పాత రిజిస్టరు చెదల పాలైంది. ఆ పెద్దమనిషి రిటైరయ్యాక పెన్షను లెక్క తేలక ఏడాదిపాటు తిరిగారు. చివరకు ఆయన ఇంట్లో దాచుకున్న ఉత్తర్వు నకలే ఆయన్ని గట్టెక్కించింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం మరచిపోలేదు.

కనుక నా విన్నపం ఒక్కటే. మీ పెన్షను కాగితాలకు నకళ్లు తీయించి, అసలుతో సరిచూసి, ఒక సెట్టు వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. ఎక్కడున్నాయో ఇంట్లో అమ్మగారికి కూడా చెప్పండి.