గోదారి పాయల నడుమ

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడిపడి, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. ఆ ఏడాదే దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చారు.

కోనసీమకు ఒకపక్క గౌతమి, మరోపక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకు కాలవ నీరు అందింది. పి.గన్నవరంలో ఒక్క నిమిషం ఆగండి. కింద వైనతేయ పారుతుంటే, పైన అక్విడెక్టులో పంట కాలవ నదిని దాటిపోతుంది. రాజోలు వైపు చేలు తడిపేది ఆ నీరే. జిల్లాలో ముందుగా చూడాల్సింది ఇదేనంటాను.

ఇక కొబ్బరి. అంబాజీపేట వైపు వెళ్తే, ఒలుపు కార్మికుడు నేలలో పాతిన ఇనుప మొనకు కాయను గుచ్చి, ఒడుపుగా తిప్పి డొక్క ఊడదీస్తాడు. చూస్తుండగానే పక్కన డొక్కల గుట్ట లేస్తుంది. ధర పడితే రైతుకే కాదు, దింపు, ఒలుపు కార్మికుల ఇళ్లకూ కష్టమే. 1996 నవంబరు తుపాను తోటలకు తోటలనే పడగొట్టింది.

అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. సఖినేటిపల్లి రేవులో జనం మోటారు సైకిళ్లతో సహా పంటు ఎక్కి నరసాపురం వెళ్తుంటారు. గోదారికి వరదొస్తే ఆ పంటూ ఆగిపోతుంది.